మీడియం మాహాత్మ్యం

హనుమంతుడు కొలువైన కొండగట్టు కింది ఊళ్లలో ఇంగ్లీష్ చదువు గోడ మీద మొదలవుతుంది. మల్యాల వైపు వెళ్లినా, పూడూరు వైపు వెళ్లినా బడి ప్రహరీ మీద ‘ఇంగ్లీష్ మీడియం’ అన్న రెండు మాటలు కనిపిస్తాయి. ఆ రంగు ఆరిన రోజు నుంచి లోపలి పిల్లలకు ఇంగ్లీష్ వచ్చేసినట్టే లెక్క. ప్రైవేటు బడైతే పేరుకు ముందో సెయింటు, వెనకో టెక్నో చేరుతుంది. ఆ సెయింటు ఎవరో బడి పెట్టినవారికి తెలియాలన్న నియమమేమీ లేదు. ఆపైన జూన్ ఉక్కపోతలో టై, బూట్లు, పసుపు వ్యాను. ఇవన్నీ అమరాక ఇంకా చదవడం, రాయడం కూడా నేర్పాలా అని యాజమాన్యాలు అనుకుంటే తప్పు పట్టడం కష్టం.

ఈ నమ్మకం ప్రైవేటు వాళ్లకే పరిమితం కాదు. 2008లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం సక్సెస్ స్కూళ్ల పేరుతో హైస్కూళ్లలో ఆరో తరగతి నుంచి ఇంగ్లీష్ మీడియం సెక్షన్లు తెరిచింది. ఐదో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్ల, ఒక్క వేసవి సెలవుల తర్వాత సైన్సూ సోషలూ ఇంగ్లీష్‌లో చదివేస్తుందని ఆ పథకం ఆశ. పేరులోనే సక్సెస్ ఉంది కనుక ఫలితం కోసం వేరే వెతకనక్కర్లేదు. 2022-23లో తెలంగాణ ప్రభుత్వం ఒకటి నుంచి ఎనిమిది దాకా అన్ని సర్కారు బడుల్లో ఇంగ్లీష్ మీడియం తెచ్చింది. వీలైనంత వరకు మాతృభాషలోనే బోధించాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతుంది. ‘వీలైనంత వరకు’ అన్న మాట చట్టంలో పెట్టినవారు ముందుచూపు ఉన్నవారు. కొత్త మీడియం కోసం టీచర్లకు అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయంతో కలిసి శిక్షణ ఇచ్చారు. పుస్తకాలు ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీష్‌గా అచ్చయ్యాయి. నిజానికి ఈ జంట పుస్తకం మంచి ఆలోచన. చాలా తరగతుల్లో దాని వాడకం మాత్రం ఒక పేజీ చదవడానికి, రెండో పేజీ చదవకుండా ఉండడానికి.

తల్లిదండ్రులను ఇందులో వెక్కిరించడానికి ఏమీ లేదు. తండ్రి దుబాయిలోనో సౌదీలోనో కూలి చేసి, తల్లి ఇంట్లో బీడీలు చుట్టి ఫీజు కడుతున్న జిల్లా ఇది. హైకోర్టు ఇంగ్లీష్‌లో నడుస్తుంది, ఇంజనీరింగ్ ఇంగ్లీష్‌లో ఉంటుంది. ఉన్నోళ్ల పిల్లలకు దొరికేది తమ పిల్లలకు ఎందుకు వద్దన్న ప్రశ్న న్యాయమైనదే. వాళ్లు కొన్నది ఇంగ్లీష్. వాళ్ల చేతికి వచ్చింది రసీదు.

ఆరో తరగతి ఇంగ్లీష్ పీరియడ్ నడిచే తీరు ఇలా ఉంటుంది. సార్ ఒక వాక్యం చదువుతాడు, తరగతంతా అందుకుంటుంది. తర్వాత సార్ ఆ వాక్యాన్ని మాటకు మాటగా తెలుగులో విడగొడతాడు, పిల్లలు తలలూపుతారు. మూడో బెంచీ కుర్రాడి వేలు ఐదో లైను మీద ఉంటుంది, నోరు ఏడో లైను పలుకుతుంది. గొంతులో తేడా లేదు కనుక తప్పు బయటపడదు. ఇదే రీడింగ్. ఇంటికొచ్చి అదే పాఠం గట్టిగా చదువుతున్న కొడుకును బీడీల చాట ముందు కూర్చున్న తల్లి అడుగుతుంది: “ఏం కథ బిడ్డా గది?” “ఏమో అమ్మా, సార్ ఇంకా క్వశ్చన్ ఆన్సర్లు ఇయ్యలే.”

ఆ జవాబు సరైనదే. బడి లెక్కలో పాఠానికి అర్థం అంటే నోట్సులో రాయించే ప్రశ్నలూ జవాబులూ. అవి రాకముందు కథ ఇంకా పుట్టనట్టే. కొత్త మాట ఎదురైతే బీ యూ టీ బట్ అని అక్షరాల పేర్లు జపించడం ఇంకో సాధన. తెలుగులో అక్షరం పేరే దాని శబ్దం కాబట్టి ఆ పద్ధతి చెల్లింది. ఇంగ్లీష్‌లో అక్షరం పేరు వేరు, అది పలికే శబ్దం వేరు. ఆ శబ్దాలు ముందు నేర్పాలన్న సంగతి కొత్తదేమీ కాదు. ఇంగ్లీష్ బోధన మీద పని చేయడానికే హైదరాబాద్‌లో 1958లో ఒక కేంద్ర సంస్థ పెట్టారు, ఇవాళ అది ఇఫ్లూ విశ్వవిద్యాలయం. అక్కడి మాట కొండగట్టు దాకా ఎక్కి రాలేదు.

హైస్కూల్‌కు వచ్చేసరికి ఈ విద్య పాకాన పడుతుంది. పదో తరగతి ఇంగ్లీష్ పేపర్లో సొంతంగా రాయాల్సిన భాగం ఉంటుంది: ఉత్తరం, డైరీ, సంభాషణ, జీవిత చిత్రణ. టీచర్ల భాషలో ఇవి డిస్కోర్సులు. పేపర్ తయారుచేసినవారి ఉద్దేశం పిల్ల తన మాటలు తాను రాయాలని. గైడు ఆ కష్టాన్ని తీసేసింది. డైరీ రాయాల్సిన పిల్లకు ఆ రోజు కలిగిన సంతోషమూ దుఃఖమూ గైడే ముందుగా అచ్చేసి ఇస్తుంది, పేర్లున్న చోట ఎక్స్‌లు ఉంటాయి. హనుమాన్ జయంతికి మాల వేసుకున్నవాళ్లు లక్షల్లో కొండెక్కుతుంటే కళ్లారా చూసిన పిల్ల, జాతర గురించి రెండు వాక్యాలు రాయలేదు. చూడని తాజ్‌మహల్ గురించి మాత్రం పేజీన్నర రాస్తుంది, కామాతో సహా గైడులో ఉన్నట్టే. సొంతంగా రాసి తప్పు చేసిన పిల్లకు మార్కు పోతుంది, బట్టీ పట్టినదానికి ఫుల్ మార్కులు. ఏది లాభమో ఎనిమిదో తరగతికే పిల్లలకు తెలిసిపోతుంది.

మాట్లాడడం నేర్పే పద్ధతి ఇంకా చౌక: తెలుగు మాట్లాడితే జరిమానా. లీడర్ పలక మీద పేర్లు రాసి, “సార్, హీ ఈజ్ తెలుగు టాకింగ్ సార్” అని ఫిర్యాదు చేస్తాడు. ఆ బడిలో రోజంతా వినిపించే సొంత ఇంగ్లీష్ వాక్యం అదొక్కటే. మిగిలిన పిల్లలు మౌనం పాటిస్తారు. బయట నిలబడి విన్నవారికి అది క్రమశిక్షణలా తోస్తుంది.

ఇదంతా జరుగుతున్నది నవవ్యాకరణ పండితుడని తెలుగువాళ్లు చెప్పుకునే దేవుడి కొండ కింద. అంతసేపు మాట్లాడినా హనుమంతుడి మాటలో ఒక్క తప్పు దొర్లలేదని కిష్కింధకాండలో రాముడు మెచ్చుకుంటాడు. సుందరకాండలో హనుమంతుడు చెట్టు మీద కూర్చుని ఆలోచించేది అచ్చంగా మీడియం సమస్యే. పండితుల సంస్కృతంలో మాట్లాడితే సీత తనను రావణుడనుకుని బెదిరిపోతుంది, కాబట్టి మామూలు మనుషుల భాషలోనే చెప్పాలని తీర్మానించుకుంటాడు. భాషలన్నీ వచ్చినవాడు ఎదుటివారికి అర్థమయ్యేది ఏదని చూసుకున్నాడు. ఆయనకు మొక్కి, పెన్నులకు పూజ చేయించుకుని వెళ్లే బడులు ఆ సర్గ దాకా ఇంకా రాలేదు.

సొంత భాష బాగా చదివి అర్థం చేసుకోగల పిల్లకు ఆ నేర్పు రెండో భాషలోకీ వెంట వస్తుందని కెనడాలో పనిచేసిన పరిశోధకుడు జిమ్ కమ్మిన్స్ 1979లోనే రాశాడు. ఈ నేలకు అంత దూరపు సాక్ష్యం అవసరం కూడా లేదు. సిరిసిల్ల దగ్గరి హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివాడు. ఆయనకు తెలుగు ఊళ్లో విన్న హరికథల నుంచి, తనకు తాను చదువుకున్న పుస్తకాల నుంచి అబ్బింది. తెలుగు ప్రొఫెసరయ్యాడు, 1988 సంవత్సరపు జ్ఞానపీఠం అందుకున్నాడు. భాష వినడం వల్ల, చదవడం వల్ల వస్తుంది. ఆ లెక్కన ఇంగ్లీష్ మీడియం బడిలో ముందుండాల్సింది పిల్లలు తమంతట తాము చదువుకునే చిన్న చిన్న ఇంగ్లీష్ కథల పుస్తకాలు. అవి కొన్ని బడుల్లో ఉన్నాయి కూడా, బీరువాలో. తాళంచెవి హెడ్మాస్టర్ దగ్గర ఉంటుంది, పుస్తకాలు చిరగకూడదు కదా.

బట్టీతో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లల్లో కొందరు కొండ కింద నాచుపల్లిలో 2007 నుంచి నడుస్తున్న జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ లాంటి చోటికి చేరతారు. ఎవరూ తెలుగులో విడగొట్టి చెప్పని ఇంగ్లీష్ పేజీ వాళ్లకు ఎదురయ్యేది అక్కడే, మొదటిసారి.

పిల్లకు చదవడం వచ్చిందో లేదో తెలుసుకోవడానికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. ప్రథమ్ సంస్థ అసర్ సర్వేలో వలంటీర్లు ఒక కాగితంతో ఇంటికే వచ్చి చూస్తారు: అక్షరాలు, మాటలు, చిన్న వాక్యాలు, చివరికి వాటి అర్థం. బడి సాధారణంగా మూడో మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ఈ జూన్‌లో ఫీజు కట్టే ముందు ప్రతి తల్లీ తండ్రీ ఆ నాలుగో మెట్టు కూడా చూడాలి. సార్ ఇంకా చెప్పని పాఠం తెరిపించి, పది లైన్లు చదివించి, అందులో ఏముందో తెలుగులో చెప్పమనాలి. చెప్పలేకపోతే ప్రోగ్రెస్ కార్డు పక్కన పెట్టి, ఈ పది లైన్లు ఎన్ని నెలల్లో, ఎట్లా నేర్పుతారని బడిని అడగాలి. ఫీజు ఆ జవాబు విన్నాక కట్టవచ్చు.