హెచ్ఆర్‌లందరికీ మీ పేరు తెలియాలంటే

ఉద్యోగం కావాలంటే చదవాలని, కోడ్ రాయాలని నమ్మేవాళ్లు అమీర్‌పేట హాస్టళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్ల జోలికి పోకండి. ఉద్యోగం పేరును బట్టి వస్తుంది. ఏం చేసి పేరు తెచ్చుకున్నారని ఎవరూ అడగరు. మంచం దిగకుండా, చార్జర్ పీకకుండా ఆ పేరు తెచ్చుకునే పద్ధతి ఇదిగో.

1. లింక్డిన్ హెడ్‌లైన్‌కి 220 అక్షరాలు ఇస్తుంది. ఒక్కటీ మిగల్చకండి. ‘విజనరీ, ఏఐ ఎవాంజెలిస్ట్, మాజీ ఫౌండర్’ అని పెట్టండి. బీటెక్ మూడో ఏడు హాస్టల్లో అర్ధరాత్రి మ్యాగీ చేసి అమ్మారు కదా, అదే స్టార్టప్. కెటిల్ రూమ్మేట్‌ది కాబట్టి వాడు కో-ఫౌండర్.

2. ఫొటో కోసం స్టూడియోకి డబ్బు తగలేయకండి. అక్క పెళ్లి గ్రూప్ ఫొటోలోంచి మీ ముఖం కత్తిరించుకోండి. భుజం మీద పెదనాన్న చెయ్యి మిగిలిపోతే ఉండనివ్వండి. టీమ్ ప్లేయర్ అని చూడగానే తెలుస్తుంది.

3. అనుభవం దగ్గర మాత్రం కాస్త ఓపిక కావాలి. ఫ్రెషర్ని అని నిజం చెప్పి చెడిపోకండి, మూడేళ్లు వేసుకోండి. లింక్డిన్‌లో 2021 నుంచి 2024 దాకా, రెజ్యూమేలో 2020 నుంచి 2023 దాకా, నౌకరీ సైట్‌లో ఆ పూటకి ఏది గుర్తొస్తే అది. మూడూ ఒకేలా ఉంటే కాపీ కొట్టారనుకుంటారు. ఆ మూడేళ్లూ పుణెలో సీనియర్ డెవలపర్ అని రాసి, అదే కాలం నాటి భీమవరం కోడిపందాలు, చిన్నత్త గృహప్రవేశం, మంగళవారం మ్యాట్నీ టికెట్లు ఇన్‌స్టాగ్రామ్‌లో అందరికీ కనబడేలా ఉంచండి. అడిగితే వర్క్ ఫ్రమ్ హోమ్ అనండి.

వెరిఫికేషన్ వాళ్లు 12 అంకెల యూఏఎన్ నంబర్ అడుగుతారు. ఏ కంపెనీ ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పీఎఫ్ కట్టిందో అందులో వరసగా ఉంటుంది. మీది ఖాళీగా ఉంటుంది. కంగారెందుకు? ‘మా పాత కంపెనీ పీఎఫ్ కట్టదండీ’ అనండి. ఫారం 16 ఏదీ అంటే ఇల్లు మారేటప్పుడు పోయిందనండి. టీడీఎస్ కోసి ఉంటే 26ఏఎస్‌లో కనబడాలి కదా అంటే ఫోన్ పెట్టేయండి. సిగ్నల్ లేదు.

4. ఇప్పటికే ఉద్యోగంలో ఉంటే, ‘ఓపెన్ టు వర్క్’ రిక్రూటర్లకు మాత్రమే కనబడే ఏర్పాటు కూడా ఉంది. అది పిరికివాళ్ల కోసం. మీరు ఫొటో చుట్టూ ఆకుపచ్చ చట్రం వేసి, ప్రస్తుత మేనేజర్‌ని ట్యాగ్ చేయండి. పిలిచి అడిగితే ప్రొఫైల్ హ్యాకయిందనండి. సాయంత్రానికల్లా చట్రంలో రాసింది అక్షరాలా నిజమవుతుంది.

5. వారానికో స్ఫూర్తి పోస్టు. ‘ఎర్రగడ్డ నుంచి హైటెక్ సిటీ దాకా ఆటో అన్న నేర్పిన మూడు లీడర్‌షిప్ పాఠాలు’. అన్న అడిగింది మీటరు మీద ఇంకో ఇరవై అనుకోండి, అది రాయనక్కర్లేదు. రాసే కష్టం చాట్‌జీపీటీకి వదిలేయండి. అది ఇచ్చింది చదవకుండా, పైన ఉన్న ‘తప్పకుండా! మీరు అడిగిన పోస్టు ఇదిగో’ అన్న ముక్కతో సహా అతికించండి. చదవడం మొదలుపెడితే ఇంక చాట్‌జీపీటీ ఎందుకు?

6. ఇంటర్వ్యూ పోయిందా? అర్ధరాత్రి ఒంటిగంట దాకా ఆగండి, కోపం బాగా మాగుతుంది. అప్పుడు హెచ్ఆర్ మేడమ్ పంపిన మెసేజ్‌ని ఫోన్ నంబర్‌తో సహా స్క్రీన్‌షాట్ తీసి ‘వీళ్ల స్టాండర్డ్ ఇదీ’ అని పెట్టండి. పొద్దున్నే డిలీట్ కొట్టండి. రాత్రి చూసిన రిక్రూటర్లు తమ గ్రూపుల్లో పంచుకోవడం ఆపాటికి అయిపోయి ఉంటుంది కాబట్టి మీ శ్రమ వృథా కాదు. ఎవరైనా నిలదీస్తే, తమ్ముడు ఫోన్ తీసుకున్నాడనండి. తమ్ముడు లేకపోతే బాబాయి కొడుకు.

7. అభిమాన హీరో సినిమా విడుదల రోజున అవతలి హీరో అభిమానుల్ని తిట్టేది కూడా లింక్డిన్‌లో ఉన్న పేరుతోనే, ఆ పెదనాన్న చెయ్యి ఫొటోతోనే. దొంగ అకౌంట్ పెడితే ఆ పేరంతా ఎవరికో పోతుంది. కులం గురించి కూడా రెండు ముక్కలు. కింద ‘వ్యక్తిగత అభిప్రాయం’ అని రాస్తే దోషం లేదు.

8. అమెరికా ఆలోచన ఉందా? వీసా ఫారం డీఎస్-160లో గత అయిదేళ్ల సోషల్ మీడియా ఖాతాల పేర్లు 2019 నుంచి అడుగుతున్నారు. స్టూడెంట్ వీసాకయితే ఖాతాలు పబ్లిక్‌లో పెట్టమని 2025 జూన్‌లో చెప్పారు. ‘ఏ ఖాతాలూ లేవు’ అని రాసేయండి. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ బయట క్యూలో నిలబడి సెల్ఫీ పెట్టండి, లొకేషన్‌తో. వీసా కోసం చిలుకూరు బాలాజీకి ముందే 11 ప్రదక్షిణలు చేశారు కదా. కోరిక తీరాక చేసే 108 గురించి మీకు బెంగే అక్కర్లేదు.

9. ఇన్నీ చేశాక రెఫరల్ మిగిలింది. గచ్చిబౌలిలో పనిచేసే బావగారిని పట్టుకోండి. ఆయన కంపెనీ పోస్టు కింద పోయినేడు మీరు ‘చెత్త కంపెనీ’ అని పెట్టిన కామెంట్ అలాగే ఉండనివ్వండి. బావగారు మీ పేరు పంపగానే హెచ్ఆర్ ఆయన్ని పిలిచి, ‘ఈ అబ్బాయి మీకేమవుతాడు?’ అని అడుగుతుంది. రెజ్యూమే తెరవకుండానే గుర్తుపట్టిందన్నమాట! ఆ సాయంత్రం బావగారు మిమ్మల్ని లింక్డిన్‌లో బ్లాక్ చేస్తే, ఎందుకు చేశారో ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో అత్తయ్యని ట్యాగ్ చేసి అడగండి.