సినిమా పాటలొద్దు మామ్మా

గ్రీగ్‌ని నేను నాలుగేళ్ళపాటు గ్రైగ్ అన్నాను. గదిలో ఒక్కణ్ణే కూచుని అనుకున్నా బాగుండేది. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్ దగ్గర టీ కొట్లో, ఏలూరు పవర్‌పేట స్టేషన్లో, దొరికినవాణ్ణల్లా నిలబెట్టి మరీ అన్నాను. నన్ను సరిదిద్దేవాడు ఆ చుట్టుపక్కల లేడని నా ధైర్యం.

ఆ కేసెట్ హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఓ ఆదివారం పేవ్‌మెంట్ మీద దొరికింది. ఎడ్వర్డ్ గ్రీగ్, ఎ మైనర్ పియానో కన్సర్టో, 1868. నార్వే జానపద సంగీతం దీనికి ప్రేరణ అని అట్ట మీద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. పాతికేళ్ళ వయసులో రాశాడట. నాకూ అప్పుడు పాతికేళ్ళే. ఈ లెక్క తట్టడమే నా కొంప ముంచింది.

కన్సర్టో ఎత్తుకోవడమే టింపనీతో. పెద్ద రాగి గంగాళానికి తోలు బిగించినట్టుంటుందా వాయిద్యం. ఎక్కడో కైకలూరు అవతల ఉరిమినట్టు సన్నగా మొదలై, నెత్తిమీదికొచ్చేసరికి పియానో పైమెట్ల నుంచి కిందికి విరుచుకుపడుతుంది. ఆ పడడంలో మొదటి మూడు స్వరాలు మన లెక్కలో స-ని-ప. పై షడ్జమం, కాకలి నిషాదం, అక్కణ్ణించి ధైవతాన్ని దాటేసి పంచమం. గ్రీగ్ సంతకం అంటారు దాన్ని. వాడి వాడి నా టేపు సాగిపోయి పియానో కాస్త వణికేది. అదీ నార్వే గమకమే అనుకున్నాను!

ఇంకేం, నేనూ ఒకటి రాయాలి. పేరు ముందే పెట్టేశాను: కొల్లేరు కన్సర్టో. రాగానికి ముందే పేరు పుట్టిందంటే అనుమానం రావాలి కదా, రాలేదు. గ్రీగ్ పల్లెలు తిరిగి పాటలు ఏరుకొచ్చి పియానోకి ఎక్కించి ఉంటాడని నా ఊహ. కాబట్టి ఓ చిన్న క్యాసియో, మా బావ దగ్గర అడిగి తెచ్చుకున్న టేప్ రికార్డరు, నాలుగు ఖాళీ కేసెట్లు. గుర్రపుడెక్క మధ్యలోంచి గెడ వేసుకుంటూ ఒకతను తాటిదోనెలో నన్ను కొల్లేటికోట వైపు ఒక లంకలో దింపాడు.

అక్కడో మామ్మ వల బాగుచేసుకుంటోంది. డెబ్బయ్యేళ్ళుంటాయి. వయసులో ఉండగా మెరకకి నాట్లకి వెళ్ళేదాన్నని చెప్పింది. పాట పాడమంటే సిగ్గుపడలేదు, గొంతు సవరించుకోలేదు, మాట్లాడుతూ మాట్లాడుతూనే పాటలోకి దిగిపోయింది. ఒక చరణం అయింది. రెండోది ఎత్తుకుంది. వరస ఎక్కడో విన్నట్టుంది నాకు. అవును, పాత సినిమా పాట! జానపదం కోసం ఇంత దూరం వస్తే ఈవిడ టూరింగ్ టాకీస్‌లో విన్నది పాడుతోంది.

“ఆపండి మామ్మా, సినిమా పాటలొద్దు. మీ పాటలు పాడండి.”

బటన్ నొక్కేశాను. టక్కుమంది.

ఆవిడ నావైపు చూసి నవ్వింది. “సినిమావోళ్ళే మా చేలోకి వచ్చుంటారు బాబూ. ఇది మా అమ్మ పాడేది, నన్ను కనకముందు.”

కొసరాజు రాఘవయ్య చౌదరి లాంటివాళ్ళు పల్లెపాటల నడకని మద్రాసు స్టూడియోలకి మోసుకెళ్ళిన సంగతి నాకు తెలియనిది కాదు. దానిమీద మిత్రులకి లెక్చర్లూ ఇచ్చాను. సరిగ్గా ఆ పూటే గుర్తురాలేదు. ముసలావిడ బుకాయిస్తోందనుకున్నాను.

పైగా, పాటంటే ఏంటో చూపిద్దామని గ్రీగ్ కేసెట్ పెట్టి మూడో భాగం వినిపించాను. వల మీంచి చెయ్యి తియ్యకుండానే వింది. కాసేపటికి కుడి పాదం కదిలింది, మట్టి అరుగు మీద ఒకటి, రెండు, ఒకటి, రెండు.

“ఎవడో గెంతుతున్నాడు బాబూ.”

“గెంతడం కాదు మామ్మా, ఇది కన్సర్టో.”

“ఆయ్,” అంది.

చాలా ఏళ్ళకి ఒక పుస్తకంలో చదివాను, ఆ మూడో భాగం మొదటి వరస నడక ‘హాలింగ్’ది అని. నార్వే పల్లెల్లో కుర్రాళ్ళ ఆట అది, రెండు దెబ్బల తాళం. ఒకమ్మాయి కర్ర చివర టోపీ తగిలించి పైకెత్తి పట్టుకుంటే కుర్రాడు గాల్లోకి గెంతి కాలితో దాన్ని తన్ని పడేస్తాడు. చివర్లో తాళం మూడు దెబ్బల్లోకి మారుతుంది, అదీ వాళ్ళ నాట్యం నడకే. అరుగు మీద పాదానికి తెలిసింది నాకు పుస్తకం చెప్పాల్సొచ్చింది.

ఆ పుస్తకంలోనే ఇంకో దెబ్బ. ఈ కన్సర్టోలో ఏ పల్లెపాటనీ ఉన్నదున్నట్టు ఎత్తుకోలేదుట గ్రీగ్. నడక మాత్రం పట్టుకుని వరసలు తను కట్టుకున్నాడు. అసలు వరసల్నే ఎత్తుకున్న సందర్భం ఒకటి ముసలితనంలో వచ్చింది. క్నుట్ దాలే అని ఒక పల్లెటూరి ఫిడేలు విద్వాంసుడు, తనతోపాటే తన పాటలూ పోతాయన్న బెంగతో గ్రీగ్‌కి ఉత్తరాలు రాశాడు. 1901లో యోహాన్ హాల్వోర్సెన్ అనే వయొలిన్ విద్వాంసుడు ఆయన్ని కూచోబెట్టి, వాయిస్తుంటే స్వరాలు రాసుకున్నాడు. వాటిలో 17 వరసల్ని గ్రీగ్ పియానోకి మార్చాడు. అక్కడ ముసలాయన ఉత్తరాలు రాసి మరీ అడిగితే రాసుకున్నారు. ఇక్కడ నేను దోనె ఎక్కి వెళ్ళి మరీ ఆపించాను.

తర్వాత ఆ లంకకి వెళ్ళాను, ఎందుకు వెళ్ళలేదూ. వెళ్ళేసరికి ఆవిడ లేదు. కోడలు టీ ఇచ్చింది. ఆ పాట తనకి రాదంది.

కేసెట్ ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది. మామ్మ గొంతు ఒక చరణం, ఇంకో సగం. వెనకాల దోనెకి నీళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు. ఆపైన నా గొంతు, “ఆపండి మామ్మా.” టక్. ఆ తర్వాత ఖాళీ టేపు వృథా ఎందుకని ఇంటికొచ్చి రికార్డు చేసుకున్న నా క్యాసియో, అరగంటసేపు, స-ని-ప, స-ని-ప, స-ని-ప.