చేపకి అడ్రసు చెప్పే పెట్టె

మా రోజుల్లో చేప యాడుందో చెప్పే పెట్టెలు లేవు. పైన తిరిగే పక్షి చెప్పేది, నీళ్ల రంగు చెప్పేది, అవి రెండూ నోరు మెదపకపోతే మా నాయన చెప్పేవాడు. ఆయనా చెప్పలేకపోతే ఆ పూట ఇంట్లో చారన్నమే. ఇప్పటి పిల్లకాయలకి పెట్టె కావాల. దానికో తెర కావాల, తెరమీద ఎరుపూ పసుపూ మచ్చలు కావాల. మచ్చ కనిపించకపోతే సముద్రంలో చేపే లేదంటారు.

నేనిప్పుడు ఉండేది తిరుపతిలో, పెద్దోడింట్లో. మిద్దె ఎక్కితే కొండ కనిపిస్తాది, సముద్రం కనిపించదు. పులికాట్ పక్క చేపలోళ్ల కుప్పంలో పుట్టినోడికి పొద్దున్నే ఉప్పుగాలి తగలకపోతే ఒళ్లు లేవదు. సరే, 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు చేసినప్పుడు సూళ్లూరుపేట, తడ పక్కని నెల్లూరు నుంచి తీసి తిరుపతిలో కలిపినారు. దాంతో ఏడుకొండలవాడి జిల్లాకి సముద్రం దొరికింది. దర్శనానికొచ్చే చుట్టాలకి ఈ మాట చెప్తే, తిరుపతి జిల్లాలో సముద్రమేంది పెద్దాయనా అని నవ్వుతారు.

నాకు ఇద్దరు మనవళ్లు ఫోన్లో తగులుకున్నారు. ఒకడు కుప్పంలోనే ఫైబర్ బోటు నడుపుతాడు. ఇంకోడు అమెరికాలో, మినసోటాలో కంప్యూటర్ల పని చేస్తాడు. ఇద్దరిదీ ఒకటే ప్రశ్న: "తాతా, మొదటిసారి ఫిష్ ఫైండర్ కొంటున్నా, ఎట్టాటిది తీసుకునేది?" బోటు వాడు అడిగితే అర్థముంది. మినసోటా వాడికేం పుట్టిందిరా అనుకున్నా. అక్కడ చలికాలం చెరువులు గడ్డ కడతాయంట. గడ్డమీద గుడారం వేసి, మరతో బొక్క పెట్టి, అందులోంచి గాలం వదిలి గంటలకొద్దీ కూర్చుంటారంట. మందం నాలుగంగుళాలన్నా లేనిదే కాలు పెట్టొద్దని అక్కడి సర్కారు చెప్తాదంట. నాకు తెలిసిన ఐసు ఐసు ఫ్యాక్టరీ దిమ్మ. గోనెపట్టలో వేసి పగలగొట్టి, పట్టిన చేపల మీద పోసేవాళ్లం. వీడు ఐసు కింద చేపని వెతుకుతున్నాడు!

మా నాయన దగ్గిరుండింది సీసపు గుండూ, దానికి తాడూ. తాడుకి బారకొక ముడి. గుండు అడుగున చిన్న గుంట, దాన్నిండా మైనం. వదిలి లాగితే ముడులు లోతు చెప్పేవి, మైనానికి అంటుకొచ్చిన ఇసకో బురదో అడుగు సంగతి చెప్పేది. ఏమీ అంటకుండా మైనం నొక్కుకుపోయి వస్తే కింద రాయి ఉన్నట్టు. రాయి ఉంటే చేప ఉంటాది, వల చిరిగేదీ అక్కడే. ఆ చోటు గుర్తుపెట్టుకునేదానికి ఒడ్డుమీద తాటిచెట్టూ దాని వెనక గోపురమూ ఒక వరసలోకి రావాల, ఇంకోపక్క లైట్‌హౌసూ సరుగుడు తోపు కొనా ఒక వరసలోకి రావాల. ఆ రెండు వరసలు కలిసే చోటు మాది. ఆ గుర్తులు అల్లుడికి కూడా చెప్పేవాళ్లు కాదు. ఇప్పుడు జీపీఎస్‌లో నొక్కి, వాట్సాప్‌లో పెడతారు. పొద్దున్నే నలభై బోట్లు అదే రాయి మీద నిలబడతాయి.

పెట్టె కొత్త సంగతేం కాదు. 1948లోనే జపాన్‌లో నాగసాకి పక్కనుండే ఫురునో అన్నదమ్ములు దాన్ని చేపలోళ్లకి అమ్మినారు. నేనప్పటికి పుట్టలేదు. దాని పనితనమూ బ్రహ్మవిద్యేం కాదు. బోటు కింద పెట్టిన నల్లముద్ద, దాన్నే ట్రాన్స్‌డ్యూసర్ అంటారు, టక్కున ఒక శబ్దం వదులుతాది. నీళ్లలో శబ్దం సెకనుకి సుమారు 1500 మీటర్లు పోతాది. పది బారల లోతుకి పోయి తిరిగి రావడానికి సెకనులో నలభయ్యో వంతు చాలు. ఎంతసేపటికి తిరిగొచ్చిందో లెక్కేసి పెట్టె లోతు చెప్తాది. మధ్యలో చేప అడ్డమొస్తే, దాని కడుపులో ఉండే గాలితిత్తికి తగిలి శబ్దం వెనక్కొస్తాది. సొరకీ టేకుకీ ఆ తిత్తి లేదు, అందుకే అవి అంత గట్టిగా ఆనవు. అడుగు గట్టిదైతే తెరమీద గీత దట్టంగా పడతాది, బురదైతే మసకగా పడతాది. మా నాయన మైనం చెప్పిందే ఇదీ చెప్తాది. కాకపోతే మైనానికి బ్యాటరీ అక్కర్లేదు.

సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు బోటు నడిపే మనవడి స్నేహితుడి బోటెక్కినా. కొత్త పెట్టె బిగించుకుని మురిసిపోతున్నాడు. ఇంజిను తిరుగుతుంటే తెరనిండా చుక్కలే. "చూడు తాతా, ఎంత గుంపో!" అంటాడు. ఇంజిను ఆపమన్నా. చుక్కలన్నీ మాయం. ఆ నల్లముద్దని ఫ్యాను పక్కనే బిగించినాడు, ఫ్యాను చిమ్మే గాలిబుడగలన్నీ తెరమీద చేపలైపోయినాయి. దూరంగా జరిపి బిగించినాక తెర శుభ్రపడింది. కాసేపటికి తెర నడిమధ్య ఎర్రమచ్చ కనిపించేసరికి "వల వేద్దాం" అని లేచినాడు. ఒరే నాయనా, తెరకి కుడి అంచునుండేదే ఇప్పుడు మన కింద ఉండేది. ఎడమకి జరిగిందంతా మనం దాటొచ్చిన నీళ్లు. వాడు వల వేద్దామన్న చేప మా వెనకాల యాడో ఉంది. పక్షి తప్పు చెప్పినా కనీసం ఇప్పటి మాట చెప్పేది.

అందుకే ఇద్దరు మనవళ్లకీ నేను ఎదురు ప్రశ్న వేసినా: "నువ్వు కదిలేవాడివా, కూర్చునేవాడివా?" బోటు కదులుతాది కాబట్టి జరిగే తెర పనికొస్తాది, దాటొచ్చిన అడుగెట్టాటిదో వెనక్కి చూసుకోవచ్చు. గడ్డమీద కూర్చున్నోడికి ఆ జరిగే బొమ్మతో పన్లేదు. వాడికి గుండ్రంగా వెలిగే ఫ్లాషర్ అనేది ఉందంట. బొక్కలో వదిలిన ఎర ఒక గీత, కిందనుంచి వచ్చే చేప ఇంకో గీత, రెండూ అప్పటికప్పుడు కనిపిస్తాయి. వాడికది చాలు.

బోటు వాడికి ఇంకో లెక్క. 200 కిలోహెర్ట్జ్ శబ్దం సన్నగా దిగి, తక్కువ లోతులో విడివిడిగా చూపిస్తాది. 50 కిలోహెర్ట్జ్ వెడల్పుగా పరుచుకుని లోతుకి పోతాది, కానీ బొమ్మ ముతక. 20, 30 బారల లోపల తిరిగేవాడికి 200 చాలు. షాపువాడు వెయ్యి బారల మాట చెప్తాడు. నువ్వు పోనిచోటి లోతుకి డబ్బులెందుకు? పులికాట్‌లో రొయ్యలకి పొయ్యేవాడికైతే అసలు పెట్టే వద్దు. ఆ సరస్సు సగటు లోతు ఒక మీటరు. అక్కడ గెడకర్రే సోనార్.

ఇంకో తమాషా చెప్తా. 1999 మే 26న మా ఇంటి పక్క శ్రీహరికోట నుంచి ఓషన్‌శాట్ అనే ఉపగ్రహం ఎగిరింది. సముద్రం రంగు పైనుంచి చూసేదానికే దాన్ని పంపినారు. అట్టాటి ఉపగ్రహాల లెక్కలు పట్టుకుని, నీళ్ల వెచ్చదనమూ పాచి పచ్చదనమూ కలిపి, చేపలు చేరే చోట్లని హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం వాళ్లు చెప్తారు. ఏ రేవు నుంచి ఏ దిక్కు, ఎంత దూరం, ఎంత లోతు అని తెలుగులోనే చెప్తారు. మా నాయన నీళ్ల రంగు చూసి చెప్పిందే వీళ్లు ఆకాశంలోంచి చూసి చెప్తున్నారు. మబ్బు పట్టిందంటే ఉపగ్రహానికీ కళ్లు కనపడవు. రాకెట్ ఎగిరే రోజు మాత్రం ఆ పక్క సముద్రంలోకి పోవద్దని మమ్మల్ని ఆపుతారు. చేపని వెతికే ఉపగ్రహం పైకి పోయేరోజు చేపలోడు ఒడ్డున కూర్చోవాల.

కొత్తవన్నీ చెడ్డవని నేననను. 1984 నవంబరు తుపాను మా తీరం మీదే విరుచుకుపడింది. అప్పుడు కుప్పంలో రేడియో ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు అల్పపీడనం పుట్టకముందే ప్రతి జేబులో ఫోను మోగుతాది. ఆ విషయంలో ఈ కాలానికి దండం పెడతా. నా కోపమంతా వరస తప్పినందుకు. బోటులో లైఫ్ జాకెట్లు ఉండవు, వైర్‌లెస్ సెట్టు ఉండదు, ముందు రంగుల తెర కావాల.

పెట్టె చూపించలేనిది ఇంకోటుంది. సముద్రంలో వేట మీద మన రాష్ట్రంలో ఉండే 1994 చట్టం ప్రకారం ఒడ్డునుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపల పెద్ద మరబోట్లు వేటాడకూడదు. ఆ గీత సముద్రం మీద కనపడదు, పెట్టెలోనూ కనపడదు, దాటి వచ్చేవాళ్ల కళ్లకైతే అసలే కనపడదు. మా రోజుల్లో చేప కనపడేది కాదు, కానీ ఉండేది. ఇప్పుడు అడుగుదాకా కనిపిస్తాది, తెరంతా నీలమే. పిల్లచేపల్ని కూడా వదలని సన్నకన్ను వలలకి ఏ పెట్టె ఏం చేస్తాది?

కాబట్టి నా మాట ఇది. చేప కోసం పెట్టె కొనబాకండి, అడుగు కోసం కొనండి. లోతూ, రాయీ, వల చిక్కే చోటూ చూపిస్తే వలల ఖర్చు మిగిలి దాని డబ్బు అదే తిరిగొస్తాది. ఎండలో తెర కనిపించేదీ, మీ ఊళ్లో రిపేరు చేసేవాడు ఉండేదీ తీసుకోండి. లైఫ్ జాకెట్లూ వైర్‌లెస్సూ కొన్నాక మిగిలిన డబ్బుతోనే తీసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం, బోటెట్టాగూ ఒడ్డునే ఉంటాది. ఆ 61 రోజుల్లో పెట్టెతోపాటు ఇచ్చే పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదవండి. చదవనోడికి 200 అయినా 50 అయినా ఒకటే.