వరం ఢిల్లీది, కౌంటరు బెంగళూరుది

డెబ్బై ఏళ్లు నిండిన పౌరులందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స ఉచితంగా అందించే పథకాన్ని 2024 అక్టోబరు 29న కేంద్రం ప్రారంభించి, దాని కార్డుకు ‘ఆయుష్మాన్ వయ వందన’ అని నామకరణం చేసింది. ఖర్చులో 60 పాళ్లు కేంద్రానివి, 40 పాళ్లు రాష్ట్రానివి అన్న పద్దు మీద ఢిల్లీ, బెంగళూరు వాదులాడుకుంటుండగా, జయనగర పెన్షనరు మోకాలు మాత్రం ఏ ప్రభుత్వానికీ గడువు ఇవ్వకుండా అరుగుతూనే ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత ఇక్కడ వర్తిస్తుంది గానీ, పూజారి స్థానంలో ఉన్న ఆసుపత్రి గోడూ వినవలసినదే: గది, మందులు, పరీక్షలు, శస్త్రచికిత్స అన్నిటినీ కలిపి ప్రభుత్వం ముందే నిర్ణయించిన ఒకే ధరను ప్యాకేజీ అంటారు, చక్కెర, రక్తపోటు, మూత్రపిండాల నలతలన్నీ వెంటబెట్టుకుని వచ్చే వృద్ధుడు ఐసీయూలో అదనంగా నాలుగు రోజులుంటే ఆ ధర సరిపోదు, ఆ కాస్త సొమ్మూ ఎప్పుడు చేతికందుతుందో తెలియదు. అందువల్ల కొందరు వైద్యులు నాడి కన్నా ముందు కార్డు చూస్తున్నారు. ‘నగదా, సొంత బీమానా?’ అన్న ప్రశ్నతోనే రోగనిర్ధారణ ముగుస్తున్నది.