మోటారుంది కదండీ!

ధవళేశ్వరం, రాజమహేంద్రవరం వైపు ఫ్లాట్ కొనబోయేవాడు సెల్లార్లోకి తొంగిచూసి ఒకటే అడుగుతాడు: "వానాకాలం నీళ్లొస్తాయాండీ?" బిల్డరు తడుముకోడు. "వస్తే తోడెయ్యడానికి మోటారుంది కదండీ!" ఓ మూల గొయ్యి, అందులో మోటారు, పక్కన ఫ్లోటు. నీరు పెరిగితే ఫ్లోటు లేస్తుంది, మోటారు దానంతటదే తిరుగుతుంది. ఎండాకాలంలో చూడ్డానికి భలే ఉంటుంది.

తోడిన నీళ్లు ఎక్కడికి పోతాయో మాత్రం కొనేవాడు అడగడు, అమ్మేవాడు చెప్పడు. పైపు తెచ్చి వీధి మురుగుకాలవలో పెడతారు. ఆ మురుగు చివరికి పల్లం చూసుకుని పోవాలి. వరదలో పల్లమేది? గోదారే మెరకైపోతుంది. తూము తెరిస్తే ఏరు ఎగదన్నుతుంది, మూస్తే ఊరి నీరు ఊళ్లోనే ఉంటుంది. నిండిన కాలవ పొర్లి, ర్యాంపు మీదుగా సెల్లార్లోకే దిగుతుంది. మోటారు తెల్లవార్లూ అవే నీళ్లు తోడుతుంది. బిల్లు మాత్రం కొత్తదొస్తుంది.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జూలైలో మట్టం 21 అడుగులు దాటింది, ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు మించింది. 1986 ఆగస్టులో ఏకంగా 35 లక్షలు. ఏరు అలా రోజుల తరబడి నిలబడితే గట్టు దాటక్కర్లేదు, ఇసుక పొరల్లోంచి ఊటే వస్తుంది. దాని మీదికి మన హార్స్‌పవర్ మోటారు!

సెల్లార్ తవ్వడానికి అమెరికా చలి ప్రాంతాల వాళ్లకు ఓ కారణముంది. నేల గడ్డకట్టే లోతు దాటి పునాది దింపాలి. ఎలాగూ తవ్వారు గనక గది కట్టుకుంటారు. చుట్టూ చిల్లుల పైపులు వేసి, కంకర పోసి, కరెంటు పోతే పనికొచ్చేలా చాలామంది బ్యాటరీ మోటారు కూడా పెట్టుకుంటారు. ధవళేశ్వరంలో నేల గడ్డకట్టింది ఎన్నడు? ఇక్కడున్నది నీరే: కాటన్ దొర 1852 నాటికి గోదారికి ఆనకట్ట కట్టి, నీటిమట్టం పెంచి పొలాలకు పారించాడు. మనవాళ్లు మట్టి తోలించి, స్థలం మెరక చేశాకే ముగ్గు పోసేవారు. ఇప్పుడు పార్కింగు కోసం పల్లం కొనుక్కుంటున్నాం, అదీ అడుగుల లెక్కన.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ మీద పడ్డప్పుడు సెల్లార్లలో కార్లు, బైకులు మునిగాయి. ప్రమాదమని కరెంటు తీసేశారు. కరెంటు లేకపోతే ఫ్లోటు ఎంత లేచినా మోటారు పలకదు.

"జనరేటరుంది కదండీ!" అంటాడు బిల్డరు. ఎక్కడుందని అడిగితే, వేలు సెల్లార్ వైపే చూపిస్తుంది.