ఒక అంటుమామిడి ఆత్మకథ

ఇది ఒక బంగినపల్లి అంటుమామిడి ఆత్మకథ. వేరు ఒక చెట్టు సంతానం, కొమ్మ మరొక చెట్టు భాగం అయిన ఈ ప్రాణికి తనను గురించి ప్రథమ పురుషలో చెప్పుకోవడమే సబబనిపించింది. ఉత్తమ పురుషలో మొదలుపెడితే మాట్లాడుతున్నది వేరా, కొమ్మా అన్న తగవు ప్రతి వాక్యంలోనూ తీర్చవలసి వస్తుంది. పెరట్లో వేసుకోవడానికి పండ్లమొక్కలు కొనేవారు ధర అడుగుతారు, ఎత్తు చూస్తారు, ఎన్నేళ్లకు కాస్తుందని ఆరా తీస్తారు. మొక్క ఎవరికి పుట్టింది, ఏ సంచిలో ఎంతకాలం నిలిచింది అని అడిగేవారు అరుదు. మంచి మొక్కకూ చెడ్డ మొక్కకూ తేడా చాలావరకు ఆ అడగని ప్రశ్నల్లోనే ఉంది కనుక ఈ మొక్క ముందుగా ఆ సంగతులే చెప్పుకుంటుంది.

వేరు పుట్టుక సామాన్యమైనది. మామిడి టెంక కాయలోంచి బయటపడిన కొద్ది వారాల్లోనే మొలకెత్తే శక్తి కోల్పోతుంది కాబట్టి, పళ్లకాలం ముగిసేలోపే టెంకలను ఏరి మళ్లలో నాటుతారు. అలా నాటినవాటిలో ఒకటి ఈ మొక్కకు వేరుమూలం, అంటే నేలలోని భాగాన్ని అందించే మొలక, అయింది. అది ఏ చెట్టు కాయలోని టెంకో ఎవరూ రాసిపెట్టలేదు. రాయవలసిన అవసరం ఉందని ఎవరికీ తోచలేదు కూడా. మన దేశపు మామిడి రకాల్లో ఎక్కువభాగం ఏకపిండ రకాలు: టెంకలో ఉండేది ఒకే పిండం, అది పుప్పొడి కలయికవల్ల ఏర్పడినది కావడంతో తల్లి గుణాలన్నీ ఉన్నవున్నట్టు రావు. బంగినపల్లి పండు తిని టెంక పాతితే మామిడిచెట్టే వస్తుందిగాని బంగినపల్లి రాదు. రకం నిలవాలంటే ఆ రకపు చెట్టు కొమ్మే కావాలి.

ఆ కొమ్మ కథ వేరు. తల్లిచెట్టుమీద మూడు నాలుగు నెలల వయసున్న, చివరి మొగ్గ ఉబ్బి చిగురించడానికి సిద్ధంగా ఉన్న రెమ్మను ఎంచుకుని, కోతకు వారం పది రోజుల ముందే దాని ఆకుల్ని తొడిమలు మాత్రం మిగిల్చి తీసేశారు. రెమ్మలోని సారం మొగ్గకు చేరాలన్నది ఆ పనిలోని ఉద్దేశం. ఇలా కోసిన రెమ్మను నర్సరీలో సయాన్ అంటారు. అటు టెంకనుంచి రాగిరంగు లేతాకులతో లేచిన రెండు వారాల మొలకను పైభాగాన తెగ్గోసి, కాండాన్ని నిలువునా చీల్చి, ఇటు సయాన్ అడుగును గసిక ఆకారంలో చెక్కి ఆ చీలికలో దించి, పాలిథిన్ పట్టీతో బిగించి కట్టారు. దీన్ని టెంక అంటు అంటారు. బెరడుకూ లోపలి కర్రకూ మధ్య ఉండే పలుచని పొర, కొత్త కణాలను పుట్టించే కేంబియం, రెండింటిదీ ఒకదానికొకటి తగిలితేనే అతుకు పడుతుంది. గాలిలో తేమ తగ్గితే అతుకు పడకముందే రెమ్మ ఎండిపోతుంది. గోదావరి డెల్టాలాంటి తీరప్రాంతాల్లో వానాకాలపు టెంక అంట్లు బాగా నిలవడానికి కారణం ఇదే.

ఈ పని జరిగిన చోటు రాజమహేంద్రవరానికి చేరువలోని కడియం ప్రాంతం. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, వీరవరం వంటి ఊళ్లలో పొలాల స్థానే మొక్కల వరసలు కనిపిస్తాయి, ఇక్కడినుంచి లారీలు ఇతర రాష్ట్రాలకూ వెళతాయి. ఇంతకీ ఈ మొక్క వయసెంత అన్నది చిక్కు ప్రశ్న. వేరును బట్టి చూస్తే పసిది. కొమ్మ మాత్రం కాపుకొచ్చిన పెద్దచెట్టు శరీరంలోని ముక్క, బాల్యం ఎప్పుడో దాటినది. అంటుమొక్కలు నాలుగైదేళ్లలో కాపుకు వస్తే టెంకనుంచి పెరిగిన చెట్లు అంతకంటే ఎన్నో ఏళ్లు ఆలస్యం చేయడానికి మూలం ఆ పెద్దరికమే.

పక్క వరసల్లోని మొక్కల పుట్టుకలూ ఒకే తీరువి కావు. జామ సాధారణంగా గాలి అంటు, అంటే కొమ్మమీద ఉండగానే బెరడును ఉంగరంలా ఒలిచి, తడినాచు కట్టి వేళ్లు పుట్టించినది. తల్లివేరు లేనందున తొలి ఏళ్లలో ఊతకర్ర లేకుంటే ఈదురుగాలికి ఒరుగుతుంది. సపోటాను అడవి పాలమొక్కమీద అంటుకడతారు. బొప్పాయి విత్తన సంతానం. ఆడా మగా వేరువేరుగా ఉండే రకాల్లో పూత వచ్చేదాకా ఏది ఏదో తెలియదు కాబట్టి ఒక్కమొక్క కొని నీళ్లు పోస్తూ కూర్చోవడం జూదమే.

నర్సరీలో ఈ మొక్క చూసిన కొనుగోలుదారుల్లో ఎక్కువమందిని ఆకర్షించింది ఆరడుగుల ఎత్తుండి, చిన్నసంచిలోనే రెండు కాయలు వేలాడేసుకున్న మొక్క. ‘ఇప్పుడే కాసేస్తోంది చూడండి బాబుగారూ’ అన్న మాటలో అబద్ధం లేదు, ఉపయోగమూ లేదు. సయాన్ పెద్దచెట్టుది గనుక అంటుమొక్క ఒళ్లు కట్టకముందే పూయగలదు. ఆ కాయ మొక్క బలానికి గుర్తు కాదు, పెరుగుదలకు దక్కవలసిన ఆహారం ఎటు పోయిందో చెప్పే ఆనవాలు. సంచిలో ఏళ్లతరబడి ఉన్న మొక్కకు వేళ్లు గోడ తగిలి చుట్టూ తిరుగుతాయి. నేలలో పెట్టినా ఆ చుట్ట విడదు, కొన్నేళ్లకు కాండం మొదలును బిగిస్తుంది. తెలిసినవారు అతుకునుంచి చూపు మొదలుపెడతారు: అతుకు పూర్తిగా మానిందా, పైభాగం లావు కింది లావుకు దరిదాపుగా ఉందా, కట్టిన పట్టీ కాండంలోకి కోసుకుపోయిందా, అతుకు కింద చిగుళ్లు లేచాయా. అసలు అతుకే కనిపించకపోతే అది టెంకమొలక. బంగినపల్లి చీటీ తగిలించినంత మాత్రాన దాని జాతి మారదు. ఆ తరువాతే ఆకుల్లో పురుగు గూళ్లు, సంచి అడుగునుంచి పొడుచుకొచ్చిన లావుపాటి వేళ్లు చూస్తారు. ఏడాది వయసు, నిటారు కాండం, ముదిరిన ఆకుల రెండు మూడు అంతస్తులు ఉన్న మోస్తరు మొక్క ఎత్తుమొక్కకన్నా నయం.

రకం ఎంపికలో ఈ మొక్కకు స్వజాతి అభిమానం ఉన్నా సత్యం చెప్పక తప్పదు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన, బేనిషాన్ అనీ పిలిచే బంగినపల్లి పెద్దచెట్టు. తోటల్లో చెట్టుకూ చెట్టుకూ మధ్య సుమారు 8 నుంచి 10 మీటర్లు వదలడం ఆనవాయితీ. ప్రహరీకీ సెప్టిక్ ట్యాంకుకూ నడుమ మిగిలిన జాగాలో దాన్ని నాటడమంటే ఏటా కొమ్మలు నరికే పనిని కొనుక్కోవడమే. అటువంటి పెరటికి దశేరి, నీలం రకాల సంకరమైన ఆమ్రపాలి మేలు. పొట్టిగా పెరిగే స్వభావంవల్ల దాన్ని తోటల్లో 2.5 మీటర్ల ఎడంతోనూ వేస్తారు. ఆవకాయ పెట్టే ఇంటికి కొత్తపల్లి కొబ్బరి, జుర్రుకునేవారికి చిన్నరసం లేదా పంచదార కలశ, అకాలంలోనూ కాయ కావాలనేవారికి పునాస ఉన్నాయి. ఏదైనా రోజుకు కనీసం ఆరుగంటల ఎండ పడని చోట పెడితే ఆకులే మిగులుతాయి.

ఈ మొక్కను కొన్న కుటుంబానికి ఇంటి వెనుక బంగినపల్లికి చాలినంత జాగా ఉంది. తొలకరి తరువాత, మూడడుగుల గోతిలో పైమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి నింపి, సంచిని బ్లేడుతో చీల్చి మట్టిముద్ద చెదరకుండా దించారు. టెంక అంటులో అతుకు నేలకు దగ్గరగా ఉంటుంది. అది మట్టిలో కూరుకుపోతే తేమకు కుళ్లవచ్చు, కాబట్టి సంచిలో ఉన్న మట్టిమట్టానికే నాటి, ఊతకర్ర కట్టి, మిగిలిన పట్టీని విప్పేశారు. మొదటి మూడేళ్లు వచ్చిన పూతను తుంచేయాలన్న సలహా ఇంట్లో అందరికీ రుచించలేదు, అయినా తుంచుతున్నారు. అతుకు కింద లేచే చిగురును వదిలేస్తే అది ఊరూపేరూ రాయని ఆ టెంకచెట్టుగా ఎదిగి, పైనున్న బంగినపల్లిని నీడలో నొక్కేస్తుంది. అందుకని కనబడినప్పుడల్లా దాన్ని గిల్లేస్తున్నారు. పైకొమ్మ నిజంగా ఏ చెట్టుదో ఈ మొక్కకు తెలుసుగాని, కొన్నవారికి అది తేలేది తొలికాయ పండిన వేసవిలోనే. అప్పటిదాకా వారి చేతిలో ఉన్నది రకంపేరు రాయించుకుని తీసుకున్న నర్సరీ రసీదు ఒక్కటే.