ఒక్క అక్షరం మారెను (టీకా తాత్పర్యం)

మూలం: గరిష్ఠావధి సగమాయె, ఎస్64 తొలగి యు64 వచ్చె.

అవతారిక: ఇంటెల్ వారి సిల్వర్‌మాంట్, నైట్స్ ల్యాండింగ్ చిప్పుల మీద లినక్స్ కెర్నెల్‌లోని పెర్ఫ్ (పనితీరు కొలిచే సాధనం) లెక్క తప్పుతోందని 2016లో ఫిర్యాదు వచ్చింది. పీటర్ జైల్‌స్ట్రా చేసిన సవరణ సారమే పై పంక్తి. మాటలు నావి, మర్మం ఆయనది.

ప్రతిపదార్థం: గరిష్ఠావధి = చిప్పులోని కౌంటరు ఎంతవరకు లెక్కపెట్టాక ఇంటరప్ట్‌తో కెర్నెల్‌ను లేపాలో ఆ హద్దు; సగము + ఆయె = ఒక్క బిట్టు కుడికి జరపగా సగమైనది; ఎస్64 = మైనస్‌ను మోయగల సంఖ్య; తొలగి = చెరిపివేయబడినదై; యు64 = మైనస్ ఎరుగనిది; వచ్చె = ఆ చోటనే కూర్చున్నది.

తాత్పర్యం: ఒకడు మూడింటికి పడుకుంటూ పన్నెండు గంటల తర్వాత మోగేలా అలారం పెట్టుకున్నాడు. అది మోగి, కళ్లు నులుముకుని గోడగడియారం చూసేసరికి మూడూ ఐదు. ‘ఐదు నిమిషాలే పడుకున్నాను’ అని డైరీలో రాసుకున్నాడు. కెర్నెల్ చేసిందీ ఇదే. ఇంటరప్ట్ అందుకుని చదివేలోపు కౌంటరు బయల్దేరిన చోటు దాటిపోయేది. నిండు చుట్టు గల్లంతు. అందుకే అలారం గడువును ఆరు గంటలకు తగ్గించారు.

అయితే మొదటి పాదమే చాలదా అని శిష్యుడి సందేహం. చాలదు నాయనా. ఈ నిద్రపోతు అర చుట్టు దాటిన ముల్లు వెనక్కి నడిచిందనుకునే రకం. ఆరు గంటల ఐదు నిమిషాలు పడుకుని, పడుకోవడానికి ఐదు గంటల యాభై ఐదు నిమిషాల ముందే లేచానంటాడు! కౌంటరు పాత, కొత్త విలువల తేడాను కుడికి జరిపేటప్పుడు ఎస్64 పై బిట్టును మైనస్ గుర్తుగా చదివేది. కౌంటరు ముందుకే పోతుంది గనుక ఆ గుర్తుకు అక్కడ పనే లేదు.

విశేషాలు: ‘ఎస్’ పోయి ‘యు’ రావడం ఆదేశం, ఆగమం కాదు. ఆగమం చుట్టంలా పక్కన సర్దుకుంటుంది. ఆదేశం ఉన్నవాణ్ణి గెంటి కూర్చుంటుంది.

పూర్వపక్షం: లక్ష కోట్లకు పైగా లెక్కపెట్టే 40 బిట్ల కౌంటరు తిరగబడేదెన్నడు? సమాధానం: సెకనుకు 200 కోట్ల సైకిళ్ల వేగంతో తొమ్మిది నిమిషాలు దాటగానే. అడిగినవాడు టీ తాగి వచ్చేలోపు.